అచ్చోసిన ఆంబోతు: ఈ తిట్టు వెనకాల ఒక ఊరి లెక్క ఉంది

పనీపాటా లేకుండా వీధులెంట తిరిగే కుర్రాణ్ణి చూసి మన ఇళ్ళల్లో పెద్దోళ్ళు ఏమంటారు? "అచ్చోసిన ఆంబోతులాగా ఊరు మీద పడి తిరుగుతున్నాడు" అంటారు. పల్లెలో పుట్టి ఈ తిట్టు తినని మగపిల్లోడు ఉండడు. తిన్నోడు ఊరుకోడు, పెద్దయ్యాక కొడుకు మీదో మేనల్లుడి మీదో అదే మాట వాడతాడు. రాజకీయ నాయకులు కూడా మైకు దొరికితే ఒకళ్ళనొకళ్ళు ఇదే అనుకుంటారు.

అయితే ఇవాళ ఈ మాట అనేవాళ్ళలో ఎంతమంది అచ్చు వేసిన ఆంబోతును కళ్ళారా చూశారు? అరవై దాటినోళ్ళకు కొంచెం గుర్తుండొచ్చు. పాతికేళ్ళ పిల్లలకు అది తిట్టుగా మాత్రమే తెలుసు. గొడ్డు పోయింది, మాట మిగిలింది. ఇది పట్నంలో పుట్టిన మాట కాదు, మన చేలల్లో పుట్టిన మాట. అందుకని దీన్ని కాస్త విప్పి చూద్దాం రండి.

ముందు మాటను విడదీద్దాం

"ఆ" అంటే పాత తెలుగులో ఆవు. ఆలమంద అంటాం గదా, ఆవుల మంద అని, అందులో ఉన్నది ఈ "ఆ"నే. "పోతు" అంటే మగది. దున్నపోతు, మేకపోతు, పిల్లిపోతు అన్నట్టే ఆవుల్లో మగది "ఆఁబోతు". కాయలు కాయని మగ తాటిచెట్టును కూడా పోతుతాడి అనే అంటాం. పాత పుస్తకాల్లో ఆఁబోతు అని అరసున్నతో రాస్తారు. జనం నోట్లో ఆ అరసున్నే నిండుసున్న అయ్యి ఆంబోతు అయింది.

ఇక "అచ్చోసిన". అచ్చు అంటే ముద్ర. బెల్లం అచ్చు, ఇటుకల అచ్చు, పుస్తకాల అచ్చు అన్నీ ఒకటే మాట. అచ్చు పోసిన అనేది అచ్చువోసిన అయి, నలిగి నలిగి అచ్చోసిన అయింది. అంటే ఒంటి మీద కాల్చిన ఇనుముతో ముద్ర వేసిన ఆంబోతు అని అర్థం.

మన పశువుల పేర్లు గమనించండి. పాలు మరిచిన మగదూడ కోడె. వట్టలు నొక్కించి కాడి కడితే ఎద్దు. నొక్కించకుండా విత్తనానికి ఉంచితే ఆంబోతు. రైతుకు ఎద్దు అంటే పని, ఆంబోతు అంటే సంతానం. రెండూ మగవే, రెండు దారులు.

ముద్ర ఎందుకు వేసేవాళ్ళు?

కలిగిన ఇంట్లో పెద్దాయన పోతే పదకొండో రోజు కర్మలో ఒక కోడెను వదిలేవాళ్ళు. దాన్ని వృషోత్సర్గం అంటారు. వృషం అంటే ఎద్దు, ఉత్సర్గం అంటే వదిలెయ్యడం. పోయినాయనకు పుణ్యం అని నమ్మకం. కొన్నిచోట్ల మొక్కుబడి కింద దేవుడి పేర కూడా వదిలేవాళ్ళు. ఈ తంతు గృహ్యసూత్రాల్లోనే ఉంది, చాలా పాతది. విష్ణుస్మృతిలో అయితే ఒక అధ్యాయమే ఉంది. ఒక పక్క చక్రం, ఇంకో పక్క త్రిశూలం ముద్ర వేయించి, పడుచు ఆవులతో కలిపి వదలమని చెప్పింది.

రైతు కళ్ళతో చదవాల్సిన విషయం అందులో ఇంకోటి ఉంది. ఏ కోడెను పడితే ఆ కోడెను వదలకూడదంట. దాని తల్లి బాగా పాలిచ్చే ఆవు అయ్యుండాలి. ఆ తల్లికి పుట్టిన దూడలు బతికి ఉండాలి. కోడెకు ఏ అవయవ లోపమూ ఉండకూడదు, మందలో మేటి అయ్యుండాలి. ఇవాళ పశువుల డాక్టరును విత్తనపు కోడె ఎలా ఎంచాలి అని అడగండి. తల్లి పాల దిగుబడి చూడు, తోబుట్టువుల ఆరోగ్యం చూడు, కాళ్ళు గిట్టలు చూడు అని ఇదే చెబుతాడు. పుణ్యం పేరుతో చేసినా, జరిగింది విత్తనం ఎంపిక. మనం మంచి కంకుల్ని ఏరి విత్తనానికి దాచుకున్నట్టే.

ముద్ర పడ్డాక ఆ గొడ్డు ఎవరికీ చెందదు. కాడి కట్టకూడదు, అమ్మకూడదు, కొట్టకూడదు. ఊరంతా దానిదే.

తిట్టు పుట్టింది ఇక్కడ

చేలో పశువు పడితే నష్టం కట్టించడం మనకు ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. మనుధర్మశాస్త్రం ఎనిమిదో అధ్యాయంలో దీని గురించి రాసి, కొన్నిటికి మినహాయింపు ఇచ్చారు. ఈని పది రోజులు దాటని ఆవు, వదిలేసిన ఆంబోతు, దేవుడి పేర విడిచిన పశువు పరాయి చేను మేసినా దండుగ లేదు. వెంట కాపరి ఉన్నా సరే, లేకపోయినా సరే. యాజ్ఞవల్క్య స్మృతి కూడా ఇదే మాట చెప్పింది.

ఇప్పుడు తిట్టును మళ్ళీ వినండి. అచ్చోసిన ఆంబోతు అంటే సోమరి అని మాత్రమే కాదు. సోమరిని తిట్టడానికి మనకు వేరే మాటలు బోలెడున్నాయి. ఇందులో ఉన్న అసలు చురక ఏంటంటే, వాడు ఎవరి చేలో మేసినా అడిగేవాడు లేడు అని. పని చెయ్యడు, తిండికి లోటుండదు, పాడు చేసినా దండుగ కట్టడు, ఎవరికీ జవాబు చెప్పడు. పచ్చని జొన్నచేలో ఆంబోతు పడి మేస్తుంటే గట్టున నిలబడి హేయ్ హేయ్ అని అదిలించడం తప్ప ఏమీ చెయ్యలేని రైతు కడుపుమంట ఉంది ఆ మాటలో. కుమ్ముతుందని దగ్గరికి పోలేడు. పాపం అని కర్ర ఎత్తలేడు. ఆ కోపం ఆంబోతు మీద తీరక మనుషుల మీదికి మళ్ళింది.

మన పక్కోళ్ళకూ ఈ పోలిక ఉంది. హిందీవాళ్ళు ఇలాంటోణ్ణి సాండ్ అంటారు, సాండ్ అంటే ఆంబోతే. గొడ్లు మేపుకునే ప్రతిచోటా ఈ కడుపుమంట ఒకటే.

మరి ఊరు ఎందుకు భరించింది?

ఇదీ అసలు ప్రశ్న. మన పెద్దోళ్ళు అమాయకులు కాదు. గడ్డిపోచ కూడా లెక్కేసుకునే మనుషులు తరతరాలుగా ఒక గొడ్డును ఊరకే మేపుతారా?

లెక్క ఇలా ఉంది. రెండు ఆవులున్న రైతు తన రెండు ఆవుల కోసం ఆంబోతును మేపలేడు. అది దున్నదు, బండి లాగదు, ఏడాది పొడుగునా తింటుంది, కట్టేస్తే పొగరు చేస్తుంది. కానీ ఆంబోతు లేకపోతే ఆవు చూడి కట్టదు. దూడ లేదు, పాలు లేవు, రేపటికి ఎద్దు లేదు. యాభై అరవై ఆవులకు ఒక ఆంబోతు చాలు. అంటే ఇది ఒక్క ఇంటి ఖర్చు కాదు, ఊరుమ్మడి ఖర్చు. ఆ ఖర్చును ఊరు డబ్బుగా వసూలు చెయ్యలేదు, మేతగా వసూలు చేసింది. నీ చేలో నాలుగు వాములు, నా చేలో నాలుగు వాములు. ఆంబోతు తిన్నది దాని కూలి.

అది కట్టు లేకుండా తిరగడానికీ కారణం ఉంది. ఆవు ఇరవై ఒక్క రోజులకోసారి ఎదకొస్తుంది, ఎద నిలిచేది ఒక రోజు లోపే. మన నాటు ఆవుల్లో అరవకుండా, పైకి తెలియకుండా పోయే మూగ ఎద ఉంటుంది. మనిషి కనిపెట్టలేడు. మందల్లో తిరిగే ఆంబోతు వాసనతో కనిపెడుతుంది. కట్టుగొయ్యన కట్టేసిన ఆంబోతుకు ఆ పని చేతకాదు.

ఇంకో సంగతి. ఒకే ఆంబోతు ఏళ్ళ తరబడి ఒకే మందలో ఉంటే తన కడుపున పుట్టిన పెయ్యల్నే దాటుతుంది, జాతి క్షీణిస్తుంది. తిరిగే ఆంబోతు పొలిమేర దాటి పక్క ఊరి మందల్లోకి పోతుంది, అక్కడిది ఇక్కడికొస్తుంది. వయసులో ఉన్నది ముసలిదాన్ని కుమ్మి తరిమేస్తుంది. ఆంబోతులు కుమ్ముకుంటే మధ్యన లేగదూడల కాళ్ళు విరిగాయి అన్న సామెత అలా వచ్చిందే.

కాబట్టి "పనీపాటా లేదు" అన్నది అబద్ధం. దానికి ఒకే పని, ఆ పని ఊరందరిదీ. తిట్టులో చేను మేసిన సంగతి నిలిచింది, చూడి కట్టించిన సంగతి జారిపోయింది. కళ్ళెదుట జరిగిన నష్టం గుర్తుండటం, తొమ్మిది నెలల తర్వాత వచ్చిన లాభం మర్చిపోవడం మనుషుల గుణం.

తిట్టు నిజమైంది ఎప్పుడు?

ఈ ఏర్పాటు నిలబడింది ఒక్క షరతు మీద. వదిలే కోడె మేలైనది అయ్యుండాలి. ఆ షరతు సడలిన చోట మొత్తం చెడింది. మంచి కోడెకు సంతలో ధర పలుకుతుంది. కర్మకు వదలాల్సి వస్తే, తంతు జరిగితే చాలనుకుని బక్క కోడెకు ముద్ర వేసి తోలేశారు. మేలైనది కాడికి పోయింది, పనికిరానిది విత్తనానికి పోయింది. తాలు గింజలు విత్తి పంట రాలేదని ఏడ్చినట్టే. మేత మాత్రం బక్కది కూడా తింటుంది గదా.

దాంతోపాటు బీళ్ళు, మందబయళ్ళు సాగులోకి వచ్చాయి. ఊరుమ్మడి మేత తగ్గేకొద్దీ ఆంబోతు చేలలోనే పడాలి. అప్పటికి తెల్లోళ్ళ పాలన. 1871లో పశువుల దొమ్మీకి చట్టం తెచ్చారు. చేలో పడ్డ గొడ్డును బందెలదొడ్డికి తోలొచ్చు, సొంతదారు జుల్మానా కట్టి విడిపించుకోవాలి, ఎవరూ రాకపోతే వేలం. మరి సొంతదారే లేని ఆంబోతుకు జుల్మానా ఎవరు కట్టాలి?

కోర్టులక్కూడా ఇదే చిక్కు వచ్చింది. వదిలేసిన ఆంబోతును ఎవడన్నా తోలుకుపోతే, చంపితే అది నేరమా అని 1880ల్లో అలహాబాదు హైకోర్టు ముందుకు కేసులొచ్చాయి. కర్మకు వదిలేశారంటే అది ఎవరి ఆస్తీ కాదు, ఆస్తి కానప్పుడు దొంగతనం లేదు అని ఆ కోర్టు తేల్చింది. 1890లో కలకత్తా హైకోర్టు కూడా అదే దారిలో పోయింది. మన మద్రాసు హైకోర్టు మాత్రం ఒక గుడి ఆంబోతు విషయంలో వేరేగా చెప్పింది. దేవుడికి ఇచ్చి తిరగనిచ్చినంత మాత్రాన అది అడవి మృగం కాదు, గుడి ధర్మకర్తకు దాని మీద హక్కూ ఉంది, బాధ్యతా ఉంది అంది.

తేడా చూడండి. ఊరి దృష్టిలో అది అందరిదీ. చట్టం దృష్టిలో అయితే ఒకడిది, లేకపోతే ఎవరిదీ కాదు. అందరిదీ అనే మాటకు అక్కడ చోటు లేదు. మనం కూడా మెల్లగా ఆ చట్టం కళ్ళతోనే చూడటం మొదలుపెట్టాం.

మనం తిట్టుకున్నాం, వాళ్ళు కొనుక్కున్నారు

ఇక్కడ ఒంగోలు జాతి కథ చెప్పుకోవాలి. గుండ్లకమ్మ, ముసి, పాలేరు, మన్నేరు పారే నేలల్లో పెరిగిన ఆ తెల్లని గొడ్లు, ఆ మోపురం, ఆ గంగడోలు ఊరకే రాలేదు. రైతులు తరాల తరబడి విత్తనపు కోడెను ఎంచుకున్నారు కాబట్టి వచ్చాయి. ఆ ఎంపికలో అచ్చోసిన ఆంబోతుల వాటా కూడా ఉంది.

1904లో గుంటూరు జిల్లాలో కలిపేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే బయటి దేశాల్లో వీటిని నెల్లూరు గొడ్లు అన్నారు. 1868లో ఒక జత బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో దిగింది. ఆ తర్వాత విడతలు విడతలుగా పోయాయి. 1960ల మొదట్లో పెద్ద విడత పోయింది. అందులో ఒంగోలు పక్కన కరవది ఊరి పేరుతో పిలిచిన కోడె కూడా ఉంది. అక్కడ దాని సంతానం ఎంత పెరిగిందంటే, ఇవాళ్టికీ బ్రెజిల్ పశువుల వంశావళి పుస్తకాల్లో "కర్వాది" అని మన పల్లె పేరు కనిపిస్తుంది. ఆ దేశంలో ఇరవై కోట్లకు పైగా పశువులున్నాయి, వాటిల్లో ఎక్కువ భాగం ఈ నెల్లూరు రక్తమే.

ఇదే కాలంలో ఇక్కడ ఏం జరిగింది? 1940లో మద్రాసు ప్రభుత్వం పశువుల అభివృద్ధి చట్టం తెచ్చింది. విత్తనానికి ఉంచే కోడెకు లైసెన్సు ఉండాలి, పనికిరానిదానికి వట్టలు నొక్కించాలి. ఉద్దేశం మంచిదే, ఎందుకంటే అప్పటికే బక్క కోడెలు మందల్ని పాడు చేస్తున్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక కృత్రిమ గర్భధారణ కేంద్రాలొచ్చాయి. తర్వాత జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలొచ్చాయి. పాలు పెరిగాయి, కాదనలేం. ట్రాక్టరు వచ్చి ఎద్దు పని తీసుకుంది. సూది వచ్చి ఆంబోతు పని తీసుకుంది. మగదూడకు ఉన్న రెండు దారులూ మూసుకుపోయాయి.

ఇదే ముద్ర ఆడపిల్ల మీద పడితే

తిట్టు గురించి మాట్లాడేటప్పుడు ఇది దాటేసి పోకూడదు. రాయలసీమలో, బళ్ళారి వైపు "బసివి" అనే మాట ఉంది. బసవడు అంటే ఎద్దు, దానికి ఆడరూపం బసివి. దేవుడి పేర ఆడపిల్లను విడిచేవాళ్ళు. తెలంగాణలో జోగిని అన్నారు, చిత్తూరు వైపు మాతమ్మ అన్నారు. ఎక్కువగా పేద దళిత ఇళ్ళ పిల్లలు. ఆంబోతు అందరిదీ అన్నట్టే ఆ పిల్ల అందరిదీ అన్నారు. కానీ ఆంబోతు ఊళ్ళో చేలు మేసింది. ఇక్కడ ఊరే ఆ పిల్ల బతుకును మేసింది. చివరికి తిట్టు ఎవరికి మిగిలింది? ఆ పిల్లకే. వాడుకున్న మగాళ్ళకు ఏ పేరూ లేదు. 1988లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ మాటను తిట్టుగా వాడేవాళ్ళు ఇంకా ఉన్నారు.

కొడుకును ఆంబోతు అంటే వాడు నవ్వుకుని పోతాడు. ఆడమనిషిని బసివి అంటే అందులో ఒక తరం ఏడుపు ఉంది. రెండూ ఎద్దు పేరు మీద పుట్టిన మాటలే అయినా రెండూ ఒకటి కాదు. మన నోటికి ఆ తేడా తెలియాలి.

ఇప్పటి లెక్క

2012 నుంచి 2019 పశుగణన మధ్య దేశంలో మగ పశువులు సుమారు 30 శాతం తగ్గాయి. అదే 2019 లెక్కల్లో వీధుల్లో తిరిగే పశువులు 50 లక్షల పైన తేలాయి. రాత్రిపూట హైవే మీద పడుకునేవి, మార్కెట్ యార్డు గేటు దగ్గర ప్లాస్టిక్ నమిలేవి, వీటిల్లో మనం వదిలిన మగదూడలు ఎన్నో! వీటికి ఏ ముద్రా లేదు. ఎవరూ ఎంచలేదు, ఏ పనీ అప్పగించలేదు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కులు, సింహాచలం అప్పన్నకు కోడెదూడలు ఇప్పటికీ ఇస్తున్నాం. ఇచ్చినదాన్ని ఎవరు మేపాలి, ఏ మందకు విత్తనంగా పంపాలి అని ఇచ్చేవాళ్ళలో ఎంతమంది అడుగుతున్నారు?

ఇంకో మాట. పశువుల ఆసుపత్రిలో మన ఆవుకు సూది వేసేటప్పుడు ఆ సన్నని గొట్టాన్ని ఒకసారి అడిగి చేతిలోకి తీసుకోండి. దాని మీద ఏ జాతి, ఏ నంబరు కోడె, ఎక్కడ తయారైంది అని అచ్చు వేసి ఉంటుంది. అచ్చు చర్మం మీదనుంచి గొట్టం మీదికి వచ్చింది, అంతే. ఆంబోతు ఇప్పుడు మైనస్ 196 డిగ్రీల చలిలో డబ్బాలో ఉంది. కానీ ఆ అచ్చు చదివే రైతు ఎంతమంది? తల్లి పాలెన్ని, ఏ జాతి, పోయినసారి వేసిన నంబరేనా, మళ్ళీ అదే వేస్తే తండ్రీ కూతుళ్ళ కలయిక అవుతుందా అని మనం అడగడం లేదు. మన తాతలు తిరిగే ఆంబోతును ఎగాదిగా చూసి దాని తల్లి ఎవరింటి ఆవో చెప్పేవాళ్ళు. ఆ చూపు పోగొట్టుకుంటే సూదీ బక్క కోడె కిందే లెక్క. నంబరు ఒక పుస్తకంలో రాసుకోండి. పెద్ద ఖర్చు కాదు, అర్ధరూపాయి ఇంకు.

నాటు ఆవులున్న ఊళ్ళల్లో పది పన్నెండు మంది కలిసి ఒక మంచి కోడెను మేపుకోవడం ఇప్పటికీ చెయ్యగల పనే. మేత పంచుకోవడం మన పెద్దోళ్ళు చేసి చూపించిందే. మూడేళ్ళకోసారి పక్క ఊరితో కోడెను మార్చుకుంటే సరిపోతుంది.

ఇక మన కుర్రాళ్ళ సంగతి. డిగ్రీ చేసి, ఉద్యోగం రాక, పొలంలో మిగిలేది లేక, పెళ్ళి సంబంధం కుదరక అరుగు మీద కూర్చున్న పిల్లోణ్ణి అచ్చోసిన ఆంబోతు అనే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ ఆంబోతును ఊరు ఏరి కోరి ఎంచుకుంది, దానికి ఒక పని అప్పగించింది, ఆ పనికి కూలిగా తన పచ్చని చేను వదిలిపెట్టింది. ఈ పిల్లోడికి మనం ఏం అప్పగించాం? ముందు ఏదో ఒకటి అప్పగిద్దాం. అప్పటికీ చెయ్యకపోతే తిట్టు ఎక్కడికీ పోదు, మన నోట్లోనే ఉంటుంది.

మీ ఊళ్ళో ఆంబోతుకు ఏ ముద్ర వేసేవాళ్ళో, ఎవరి పేర వదిలారో ఇంట్లో పెద్దోళ్ళను అడిగి రాయండి. వాళ్ళున్నప్పుడే అడగాలి.